గాలిలో ఎగిరేవాడు దాక్కోగలడా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడేవాళ్ళ నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నలు దాదాపు అన్నీ రెండు విషయాల చుట్టూనే తిరిగాయి: దాక్కోవడం, ఎగరడం. గాజువాక అయినా మధురవాడ అయినా ఆట ఆగిపోయి గొంతులు లేచేది ఈ రెండింటి దగ్గరేనని ఉత్తరాలు చూస్తే తెలుస్తోంది. కొత్తవాళ్ళ కోసం రెండు ముక్కలు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఈ ఆటలో ఒకరు డంజన్ మాస్టర్, అందరూ డీఎం అంటారు. కథా లోకాన్నీ శత్రువుల్నీ నడిపేది ఆయనే. మిగతావాళ్ళు ఒక్కో పాత్ర తీసుకుంటారు. అవుతుందో లేదో తెలియని పని వస్తే ఇరవై ముఖాల డైస్ వేసి, దానికి పాత్ర నైపుణ్యం కలిపి తేలుస్తారు. కింది జవాబులన్నీ ఐదో ఎడిషన్ గురించి. అందులో 2014 పుస్తకానికీ, 2024లో వచ్చిన సవరించిన పుస్తకానికీ దాక్కునే రూల్‌లో చాలా తేడా ఉంది, అందుకే ఏది ఎందులోదో అక్కడక్కడే చెప్పాను. మీ టేబుల్ దగ్గర ఏ పుస్తకంతో ఆడుతున్నారో ముందే అనుకోండి, సగం తగువులు అక్కడే తీరిపోతాయి.

ప్రశ్న (ఇంజనీరింగ్ విద్యార్థి, గాజువాక): నా పాత్ర రోగ్ (చాటు నుంచి కొట్టే దొంగ), రెండో లెవెల్. ప్రతి టర్న్‌లో ఒక బాణం వేసి, బోనస్ యాక్షన్‌తో (అదే టర్న్‌లో చేసే అదనపు చిన్న పని) మళ్ళీ అదే స్తంభం వెనక దాక్కుంటాను. మా డీఎం రెండోసారి నుంచి "నువ్వక్కడే ఉన్నావని వాళ్ళకి తెలుసు కదా, ఇంకా దాక్కోవడమేంటి" అని డైస్ కూడా వేయనివ్వడం లేదు. ఎవరిది కరెక్ట్?

జవాబు: రూల్ ప్రకారం మీదే కరెక్ట్. రెండో లెవెల్‌లో రోగ్‌కి వచ్చే కన్నింగ్ యాక్షన్, అంటే బోనస్ యాక్షన్‌తో దాక్కునే వీలు, ఉన్నదే అందుకు. దాన్ని ఫైట్‌కి ఒక్కసారే వాడాలని పుస్తకంలో ఎక్కడా లేదు. మీ డీఎం మాటలో మొదటి సగం నిజమే, మీరు అక్కడున్నారని వాళ్ళకి తెలుసు. కానీ స్తంభం వెనక ఎవడో ఉన్నాడని తెలియడం వేరు, వాడు ఎప్పుడు ఏ పక్క నుంచి తల బయటపెడతాడో కనిపించడం వేరు. దాక్కోవడమంటే ఎదుటివాడి కంటికి కనబడకుండా, చెవికి వినబడకుండా ఉండటం, అంతే. ఆ స్థితిలో బాణం వేస్తే అడ్వాంటేజ్ వస్తుంది, అంటే డైస్ రెండుసార్లు వేసి పెద్దది తీసుకుంటారు, దాంతో స్నీక్ అటాక్ (రోగ్‌కి ఉండే అదనపు దెబ్బ) కూడా పడుతుంది. బాణం తగిలినా తగలకపోయినా మీ చోటు బయటపడుతుంది, మళ్ళీ దాక్కోవాలంటే మళ్ళీ డైస్ వేయాలి. రోగ్ బతుకంతా ఇదే. దాన్ని తీసేస్తే ఆ పాత్రకి మిగిలేది ఒక చిన్న విల్లు.

ఒక రౌండ్ నెమ్మదిగా చూద్దాం. మీకు స్టెల్త్ (దాక్కునే నైపుణ్యం) +7 అనుకోండి, డైస్‌లో 6 పడింది, మొత్తం 13. ఎదురుగా ఇద్దరు కాపలావాళ్ళు. 2014 పుస్తకంలో మామూలు గార్డ్ పాసివ్ పర్సెప్షన్ 12. పాసివ్ అంటే అతను పనిగట్టుకుని వెతక్కపోయినా, డైస్ వేయకుండా, 10కి తన చూపు నైపుణ్యం కలిపితే వచ్చే అంకె. 12 కంటే 13 ఎక్కువ కాబట్టి ఇద్దరికీ మీరు కనబడరు. ఇప్పుడు వాళ్ళ టర్న్. మొదటివాడు ముప్పై అడుగులు నడిచి స్తంభం పక్కకి వచ్చేశాడు. అతనికీ మీకూ మధ్య ఇంక అడ్డమేమీ లేదు, స్పష్టంగా కనిపించేవాడి నుంచి దాక్కోవడం కుదరదు, కాబట్టి అతని వరకు మీ 13 చెల్లిపోయింది. రెండోవాడు ఇంకా అవతలే ఉన్నాడు, అతనికి మీరు కనబడరు, కానీ మొదటివాడు అరిస్తే వింటాడు. లేదా రెండోవాడు తెలివైనవాడైతే రెడీ యాక్షన్ తీసుకుని "తల బయట పెట్టగానే కొడతాను" అని కాచుక్కూర్చుంటాడు. మీ డీఎం చేతిలో ఇన్ని ఉన్నాయి. ఆయన మీ డైస్ పట్టుకుని ఆపక్కర్లేదు, తన కాపలావాళ్ళని కదిపితే చాలు. పైగా గాబ్లిన్‌లకి కూడా బోనస్ యాక్షన్‌తో దాక్కునే శక్తి ఉంది, స్టెల్త్ +6. వాటితో ఇదే పని మీ మీద చేయించమనండి.

2024 పుస్తకంలో లెక్క మారింది. అక్కడ దాక్కోవాలంటే చిక్కటి చీకట్లోనో పొగమంచులోనో ఉండాలి, లేదా కనీసం ముప్పాతిక వంతు కవర్ (ఒంటిని కప్పే అడ్డం) వెనక ఉండాలి, ఏ శత్రువు చూపూ మీ మీద పడకూడదు, ఆపైన డైస్ మొత్తం కనీసం 15 రావాలి. ఈ లెక్కన పై ఉదాహరణలో మీ 13 చాలదు.

ప్రశ్న (డీఎం, ఎంవీపీ కాలనీ): ఆదివారాలు మా ఇంట్లో ఆడతాం. ఒకరు పక్షి మనిషి ఆరకోక్రా పాత్ర తెచ్చుకున్నారు, మొదటి లెవెల్‌లోనే యాభై అడుగుల వేగంతో ఎగురుతాడు. గోతులు, గోడలు, తోడేళ్ళు ఏవీ అతన్ని ఏం చేయలేకపోతున్నాయి. మిగతా నలుగురూ చూస్తూ ఉండిపోతున్నారు. బ్యాన్ చేసేయమంటారా?

జవాబు: వద్దండీ. మొదటి రోజే వద్దని ఉంటే అది వేరే సంగతి, చాలామంది డీఎంలు మొదటి లెవెల్స్‌లో ఎగిరే జాతుల్ని ఒప్పుకోరు, అది వాళ్ళ ఇష్టం. ఒకసారి ఒప్పుకుని, ఆయన ఆ పాత్ర మీద మనసు పెట్టుకున్నాక రెక్కలు కత్తిరిస్తే మీ మీద నమ్మకం పోతుంది. వేగం మరీ ఎక్కువనిపిస్తే కూర్చుని మాట్లాడుకోండి. 2022లో వచ్చిన పుస్తకంలో ఆరకోక్రా ఎగిరే వేగాన్ని నడక వేగంతో సమానం చేశారు, అంటే ముప్పై అడుగులు. ఆయన ఒప్పుకుంటే అది వాడుకోవచ్చు. మీడియం, హెవీ కవచం వేసుకుంటే ఎగరలేరన్న షరతు అయితే ఎలాగూ ఉంది, అది మర్చిపోతున్నారేమో చూడండి.

అసలు సంగతి ఏంటంటే, ఖాళీ ఆకాశంలో ఉన్నవాడికి అడ్డం ఏమీ ఉండదు. కింద ఉన్న నలుగురికీ బండ ఉంది, చెట్టు ఉంది, బండి ఉంది. సగం కవర్ ఉంటే ఏసీకి (దెబ్బ తగలాలంటే ఎదుటివాడి డైస్ అందుకోవాల్సిన అంకె) రెండు కలుస్తుంది, ముప్పాతిక ఉంటే ఐదు. పైనున్నవాడికి సున్నా. లాంగ్‌బో నూట యాభై అడుగుల దాకా ఏ ఇబ్బందీ లేకుండా కొడుతుంది, అక్కడి నుంచి ఆరు వందల దాకా డిసడ్వాంటేజ్‌తో, అంటే డైస్ రెండుసార్లు వేసి చిన్నది తీసుకుని, కొడుతుంది. షార్ట్‌బోకి ఎనభై, మూడు వందల ఇరవై. తోడేళ్ళతో పాటు ఇద్దరు విలుకాళ్ళని పెట్టండి చాలు, ఎగరాలా వద్దా అని ఆయనే ఆలోచిస్తారు.

ఒక్క జాగ్రత్త మాత్రం తప్పకుండా తీసుకోండి. ఎగురుతున్నవాడిని పడగొడితే, లేదా వేగం సున్నా చేస్తే, గాలిలోనే ఆగగలిగే శక్తి గానీ మంత్రం గానీ లేకపోతే, కింద పడిపోతాడు. పది అడుగులకి ఒక ఆరు ముఖాల డైస్ చొప్పున దెబ్బ. యాభై అడుగుల నుంచి పడితే ఐదు డైస్‌లు, సగటున పదిహేడున్నర. మొదటి లెవెల్ పాత్రకి ఎనిమిది హిట్ పాయింట్లు (ప్రాణం లెక్క) ఉన్నాయనుకోండి, ఎనిమిది పోయి సున్నాకి వచ్చాక ఇంకో ఎనిమిది మిగిలితే అక్కడికక్కడే చావు. అంటే పదహారు దెబ్బ చాలు, సగటు దెబ్బే అంతకంటే ఎక్కువ. వల వేసి పడగొట్టే శత్రువుని మొదటి వారమే చెప్పాపెట్టకుండా దింపితే ఆట అక్కడితో చేదైపోతుంది. ముందు ఒక గద్దని అలా పడగొట్టడం వాళ్ళ కళ్ళ ముందు చూపించండి, తర్వాత వాళ్ళ జాగ్రత్త వాళ్ళే చూసుకుంటారు.

ఇంకో దారి, కథని లోపలికి తీసుకెళ్ళడం. బొర్రా గుహలు చూసొచ్చినవాళ్ళకి ఆ పైకప్పు గుర్తుంటుంది, సున్నపురాయి ఊడల్లా వేలాడుతూ, కొన్నిచోట్ల చెయ్యెత్తితే అందేటట్టు, కొన్నిచోట్ల ఎక్కడుందో తెలియనంత ఎత్తుగా. అలాంటి గుహ గీసుకోండి. అక్కడ ఎగిరేవాడు బాణం దూరానికి పైకి పోలేడు, కానీ వేలాడే రాళ్ళ వెనక దాక్కోగలడు, అది కింద నడిచేవాళ్ళకి లేని అవకాశం. ఆయనకి ఒకటి పోయి ఇంకొకటి వచ్చినట్టవుతుంది, మిగతా నలుగురికీ పని దొరుకుతుంది.

ప్రశ్న (డీఎం, భీమిలి): మా కథ నేనే రాసుకున్నాను. డాల్ఫిన్స్ నోస్ లాంటి కొండ, కింద రేవు, రేవులో శత్రువుల ఓడ. రాత్రిపూట నలుగురు ఆటగాళ్ళు కొండ మీద నుంచి ఫ్లై మంత్రంతో ఓడ మీదికి దిగాలనుకుంటున్నారు. ఆకాశంలో స్టెల్త్ ఎలా? దాక్కోవడానికి అక్కడ ఏముంది?

జవాబు: ఈ నెల ఉత్తరాల్లో నాకు బాగా నచ్చింది ఇదే, కాస్త పొడుగ్గా చెప్తాను.

దాక్కోవడానికి అక్కడ చీకటి ఉంది. చీకటి అంటే రూల్ ప్రకారం పూర్తిగా మరుగు, చీకట్లో చూడలేనివాడు దానిలోకి చూస్తే గుడ్డివాడితో సమానం. 2014 పుస్తకం వెన్నెల రాత్రుల్ని కూడా చాలావరకు చీకటి కిందే లెక్కేసింది, బాగా కాసే నిండు పున్నమి అయితేనే మసక వెలుతురు. కాబట్టి ముందు మీరు తేల్చాల్సింది తిథి. తర్వాత ఓడ మీద ఎవరున్నారన్నది. మనుషులైతే దీపం దాటి చూడలేరు. మూత ఉన్న లాంతరు ముప్పై అడుగులు బాగా వెలుగిస్తుంది, ఇంకో ముప్పై మసకగా. అంటే లాంతరుకి అరవై అడుగుల అవతల, సుమారు ఆరంతస్తుల మేడ ఎత్తులో, మీవాళ్ళు తేలుతున్నా కింద కాపలా మనిషికి ఏమీ కనబడదు. అదే కాపలా ఎల్ఫ్‌దో డ్వార్ఫ్‌దో అయితే డార్క్‌విజన్ ఉంటుంది, 2014 పుస్తకం ప్రకారం అరవై అడుగుల లోపలి చీకటి వాళ్ళకి మసకగా కనిపిస్తుంది. మసకలో చూసేటప్పుడు పర్సెప్షన్‌కి డిసడ్వాంటేజ్, పాసివ్ అంకెలో ఐదు తీసేయాలి. డార్క్‌విజన్ ఉంటే రాత్రి పగలైపోయినట్టే అనుకుని ఈ ఐదు తీసేయడం చాలా టేబుళ్ళ దగ్గర మర్చిపోతారు.

లాంతరు వెలుగులోకి దిగాక చీకటి సాయం ఉండదు. మసక ఒక్కటే ఉంటే మామూలు పాత్రకి దాక్కోవడానికి చాలదు. 2014 పుస్తకంలోని వుడ్ ఎల్ఫ్‌కి మాత్రం వాన, పలచటి మంచు, ఆకులు లాంటి ప్రకృతి అడ్డం కాస్త ఉన్నా దాక్కునే వరం ఉంది, సముద్రం మీద పొగమంచు పట్టిన రాత్రి అని మీరు రాసుకుంటే ఆ పాత్రకి పండగే. మిగతావాళ్ళు ఓడ తెరచాప అవతలి వైపు నుంచి దిగాలి. తెరచాప పూర్తి కవర్, కింద డెక్ మీద ఉన్న కాపలాకి కనబడరు. కానీ పైన కొయ్య మీద ఇంకొకడు కూర్చుని ఉంటే? వాడికి చాప అడ్డం రాదు. ఎగిరేవాళ్ళ విషయంలో డీఎం ఎప్పుడూ అడగాల్సింది ఇదే: చూస్తున్నది ఎవరు, ఎక్కడి నుంచి, ఏ వెలుతురులో? నేల మీద నడిచేవాడికి నాలుగు దిక్కులు చూసుకుంటే సరిపోతుంది, గాలిలో వాడికి పైనా కిందా కూడా. ఒక కాగితం మీద ప్రతి కాపలావాడికీ ఒక చుక్క పెట్టి, పక్కన పాసివ్ అంకె, లాంతరు ఉందా లేదా రాసుకోండి. ఆటగాళ్ళు ఏ వైపు నుంచి వస్తామన్నా అప్పటికప్పుడు న్యాయంగా చెప్పగలుగుతారు.

చప్పుడు సంగతి. మంత్రంతో ఎగిరేవాడికి రెక్కలు లేవు, కవచం గలగల తప్ప చప్పుడు లేదు. రెక్కల చప్పుడుకి పుస్తకంలో అంకెలేవీ ఇవ్వలేదు, అది మీరే చెప్పాలి. అలలు బాగా కొడుతుంటే వినికిడికి డిసడ్వాంటేజ్ ఇవ్వడం నాకు సబబుగా అనిపిస్తుంది. డైస్ మాత్రం ప్రతి ఆరు సెకన్లకీ వేయించకండి. చీకట్లో ఉన్నంతసేపు అక్కర్లేదు, వెలుగు అంచు దగ్గర ఒక్కసారి వేయించండి, అప్పుడు టేబుల్ దగ్గర అందరూ ఊపిరి బిగబట్టి చూస్తారు. పదిసార్లు వేయిస్తే ఎలాగూ ఒకసారి తక్కువ పడుతుంది, అలా దొరికిపోవడంలో ఆటగాడి తప్పేమీ ఉండదు.

ఇక మీ ప్లాన్‌లో అసలు చిక్కు స్టెల్త్ కాదు, లెక్క. ఫ్లై మూడో లెవెల్ మంత్రం, ఒక్కరినే లేపుతుంది. ఒక్కో లెవెల్ పెంచితే ఒక్కో మనిషి. నలుగురు ఎగరాలంటే ఆరో లెవెల్ స్లాట్ కావాలి, అది విజార్డ్‌కి (మంత్రగాడి పాత్ర) పదకొండో లెవెల్‌లో గానీ రాదు. మంత్రం ఉండేది పది నిమిషాలే. రౌండ్‌కి, అంటే ఆరు సెకన్లకి, అరవై అడుగులు, నిమిషానికి ఆరు వందలు, పది నిమిషాలకి ఆరు వేల అడుగులు, అంటే 1.8 కిలోమీటర్లు. అన్నిసార్లూ డాష్ చేస్తే, అంటే వేరే పని మానేసి పరుగే తీస్తే, దానికి రెట్టింపు. ఓడ అంతకంటే దూరంలో ఉంటే నడి సముద్రంలో పడతారు. పైగా ఇది కాన్సంట్రేషన్ మంత్రం, అంటే వేసినవాడు ధ్యాస పెట్టి పట్టుకుని ఉండాలి, అందరికీ స్టెల్త్‌లో పది కలిపే పాస్ వితౌట్ ట్రేస్ కూడా కాన్సంట్రేషనే, రెండూ ఒకే మనిషి పట్టుకోలేడు. మీవాళ్ళు చిన్న లెవెల్ అయితే ఒక్కరు ఎగిరి వెళ్ళి తాడు వదిలితే మిగతావాళ్ళు పడవలో వచ్చి ఎక్కడం మేలు. ఆ సీన్ కూడా బాగుంటుంది, ఎందుకంటే పైన ఒకరు, నీళ్ళలో ముగ్గురు, రెండు చోట్లా ఒకేసారి టెన్షన్.

ప్రశ్న (గృహిణి, సీతమ్మధార, మా అబ్బాయి డీఎం): ఇన్విజిబుల్ అయ్యి, ఎగురుతూ ఉంటే ఇంక స్టెల్త్ వేయాల్సిన పనేముంది? మావాడు వేయాల్సిందే అంటాడు.

జవాబు: ఫైట్‌లో అయితే మీ అబ్బాయిదే నిజమండీ. కనబడకపోవడం ఒకటి, ఎక్కడున్నారో తెలియకపోవడం ఇంకొకటి. అదృశ్యంగా ఉన్నవాడి చోటుని చప్పుడుని బట్టీ, అడుగుజాడల్ని బట్టీ పట్టుకోవచ్చని 2014 పుస్తకం చెప్తుంది. ఎగిరితే అడుగుజాడలు పోయాయి, చప్పుడు మిగిలింది. హైడ్ యాక్షన్ తీసుకోకపోతే శత్రువులు మీరున్న చోటు మీదికి డిసడ్వాంటేజ్‌తో కొట్టగలరు, నిప్పు మంత్రం అయితే దానికి మిమ్మల్ని చూడాల్సిన పని కూడా లేదు. అదృశ్యంగా ఉన్నందుకు మీకు లాభం ఏంటంటే, అడ్డం ఏమీ లేని ఖాళీ ఆకాశంలో కూడా దాక్కోవడానికి ప్రయత్నించే హక్కు వస్తుంది, మిగతావాళ్ళకి అది లేదు.

ఫైట్ లేనప్పుడు, వంద అడుగుల పైన మౌనంగా వెళ్తుంటే డైస్ అడగొద్దని మీ అబ్బాయికి నా తరఫున చెప్పండి. కింద కాపలా కుక్క ఉంటే మాత్రం అడగొచ్చు, 2014 పుస్తకంలో వినికిడిలో, వాసనలో దానికి అడ్వాంటేజ్ ఉంది. ఇంకొకటి, ఇన్విజిబిలిటీ, ఫ్లై రెండూ కాన్సంట్రేషన్ మంత్రాలే. మీరొక్కరే రెండూ వేసుకున్నారంటే లెక్క తప్పిందన్నమాట. ఎగిరే పానీయమో, వింగ్డ్ బూట్సో దొరికితే ఆ ఇబ్బంది ఉండదు.

ప్రశ్న (ప్రైవేటు ఉద్యోగి, అక్కయ్యపాలెం): మ్యాప్ మీద ఎత్తు ఎలా చూపించాలి, దూరం ఎలా కొలవాలి? ఫైర్‌బాల్ వేసిన ప్రతిసారీ గొడవే.

జవాబు: చిన్న టీ గ్లాసు బోర్లించి దాని మీద పాత్ర బొమ్మ పెట్టండి, గ్లాసు పక్కన పది ముఖాల డైస్ ఒకటి పెట్టి ఎత్తు అంకె పైకి తిప్పండి, 3 కనిపిస్తే ముప్పై అడుగులు. పైకి కిందికి మారినప్పుడల్లా ఆ ఆటగాడే డైస్ తిప్పాలి. ఇంతకంటే ఖర్చు అక్కర్లేదు.

దూరానికి రెండు పద్ధతులు. అడ్డంగా నలభై అడుగులు, నిలువుగా ముప్పై అయితే స్కూల్లో చెప్పిన పైథాగరస్ లెక్కన సరిగ్గా యాభై. గళ్ళ మ్యాప్ మీద ఐదో ఎడిషన్ మూలగా వెళ్ళినా గడికి ఐదు అడుగులే లెక్కేస్తుంది, అదే పద్ధతి ఎత్తుకీ వాడితే రెండింటిలో పెద్దది తీసుకోవాలి, అంటే నలభై. నా ఓటు రెండోదానికే, ఆట ఆగదు. ఏదైనా ఒకటి పట్టుకుని అందరికీ అదే వాడండి, శత్రువుకి కూడా. ఫైర్‌బాల్ ఇరవై అడుగుల వ్యాసార్థం ఉన్న గోళం, నేల మీద పరిచిన చాప కాదు. నేల మీద పేలిస్తే సరిగ్గా దాని నడినెత్తిన ముప్పై అడుగుల ఎత్తులో ఉన్నవాడికి తగలదు, కానీ నూట యాభై అడుగుల లోపు గాలిలో ఎక్కడైనా పేల్చే వీలుంది. కింద మనవాళ్ళు, పైన డ్రాగన్ ఉన్నప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

ప్రశ్న (డిగ్రీ విద్యార్థిని, గోపాలపట్నం): ఫ్లై వేసిన విజార్డ్‌కి దెబ్బ తగిలితే అందరం పడిపోతామా? సముద్రంలో పడితే?

జవాబు: దెబ్బ తగిలిన ప్రతిసారీ విజార్డ్ కాన్స్టిట్యూషన్ సేవ్ (ఒంటి గట్టిదనంతో తట్టుకునే డైస్) వేయాలి, 10 గానీ దెబ్బలో సగం గానీ ఏది ఎక్కువైతే కనీసం అంత రావాలి. 27 దెబ్బ తగిలితే 13. తప్పితే మంత్రం పోతుంది, గాలిలో ఉన్నవాళ్ళందరూ పడతారు. అందుకే విజార్డ్‌ని వెనకాల, ఏదో ఒక అడ్డం చాటున నేల మీదే నిలబెట్టడం మంచిది, మంత్రం వేసేటప్పుడు ముట్టుకుంటే చాలు, వెంట రానక్కర్లేదు. ఫెదర్ ఫాల్ మొదటి లెవెల్ మంత్రమే, రియాక్షన్‌తో (వేరేవాళ్ళ టర్న్‌లోనైనా అప్పటికప్పుడు చేసే పని) పడిపోతున్న ఐదుగురి దాకా పట్టుకుంటుంది, ఎగిరే ప్లాన్ వేసే ఏ జట్టూ అది లేకుండా బయల్దేరకూడదు.

మంత్రం ఉండగానే ఎగిరేవాడు స్పృహ తప్పితే పడడు, 2014లో మంత్రమే పట్టుకుని ఉంటుంది, 2024లో అయితే ఫ్లై మంత్రమే గాలిలో నిలబడే శక్తి ఇస్తుంది. రెక్కలతో ఎగిరేవాడు మాత్రం పడతాడు. నీళ్ళలో పడితే 2024 పుస్తకంలో ఒక వెసులుబాటు ఉంది: రియాక్షన్ వాడి అథ్లెటిక్స్ గానీ ఆక్రోబాటిక్స్ గానీ కనీసం 15 వస్తే దెబ్బ సగం.

ప్రశ్న (పెందుర్తి): మా పాలడిన్ చెయిన్ మెయిల్ వేసుకుని మొత్తం జట్టుని పట్టిచ్చేస్తున్నాడు.

జవాబు: అందరి కోసం గ్రూప్ చెక్ అడగండి. కనీసం సగం మంది గెలిస్తే జట్టు మొత్తం గెలిచినట్టే, నెమ్మదస్తుణ్ణి మిగతావాళ్ళు నడిపించుకుని వస్తారు. దాంతో పాటు డ్రూయిడో రేంజరో ఉంటే పాస్ వితౌట్ ట్రేస్ వేయించండి. ఆయన కవచం విప్పమని పోరకండి, ఫైట్ మొదలైతే ముందు నిలబడేది ఆయనే.

ప్రశ్న (ఐటీ ఉద్యోగి, మధురవాడ): 2024 పుస్తకంలో దాక్కుంటే "ఇన్విజిబుల్" కండిషన్ వస్తుందని ఉంది. అంటే పెట్టె వెనక 15 దాటేసి, తర్వాత గది మధ్యలోంచి కాపలావాడి ముందే నడిచి వెళ్ళొచ్చా? మా టేబుల్ రెండుగా చీలిపోయింది.

జవాబు: మీ టేబుల్ ఒక్కటే కాదండీ, ఈ రూల్ వచ్చినప్పటి నుంచి ఆడేవాళ్ళు దీని మీద కొట్టుకుంటూనే ఉన్నారు. అక్షరాలా చదివితే కండిషన్ పోయే సందర్భాలు నాలుగు: గుసగుస కంటే గట్టిగా చప్పుడు చేస్తే, శత్రువు మిమ్మల్ని కనిపెడితే, మీరు కొట్టడానికి డైస్ వేస్తే, నోటితో పలకాల్సిన మంత్రం వేస్తే. బయటికి నడవడం ఆ నాలుగింటిలో లేదు, అందుకే ఒక పక్షం నడవొచ్చంటోంది. నేను రెండో పక్షం. "శత్రువు కనిపెడితే" అన్నదాంట్లోనే సమాధానం ఉంది. దీపాలు వెలుగుతున్న గదిలో తన వైపే నడిచి వస్తున్నవాణ్ణి కాపలావాడు చూస్తే, కనిపెట్టినట్టే. డైస్ వేయాల్సిన ప్రశ్నే లేదు. మంత్రంతో వచ్చే అదృశ్యానికీ పెట్టె వెనక నక్కడానికీ తేడా లేకపోతే రెండో లెవెల్ మంత్రం నేర్చుకున్న విజార్డ్‌కి అన్యాయం కదా!

అలాగని మరీ బిగించకండి. కాపలావాడు అటు తిరిగి ఇంకొకడితో మాట్లాడుతున్నాడు, మధ్యలో పదిహేను అడుగుల ఖాళీ ఉంది, ఆ పెట్టె నుంచి ఈ స్తంభానికి చేరిపోవాలి, దానికి ఒప్పుకోండి. 2014 పుస్తకం కూడా ఎదుటివాడి ధ్యాస వేరేచోట ఉంటే దాక్కున్నవాడు దగ్గరికి వెళ్ళడానికి డీఎం ఒప్పుకోవచ్చనే చెప్పింది. ఆటగాడు "వాడు అటు తిరిగేదాకా ఆగుతాను" అన్నాడంటే సగం పని చేసేసినట్టే, ఆ ఓపికకి ఫలితం ఇవ్వాలి.

ప్రశ్న (ఉపాధ్యాయురాలు, అనకాపల్లి వైపు నుంచి): మా పిల్లలకి ఇంగ్లీషు పుస్తకాలు కష్టం, ధర కూడా ఎక్కువ. ఈ దాక్కునే, ఎగిరే రూల్స్ వరకైనా తెలుగులో రాసి పిల్లలకి పంచితే ఏమైనా ఇబ్బందా?

జవాబు: ఇబ్బంది లేదు, తప్పకుండా రాయండి. ఈ ఆట మూల నియమాలున్న పత్రాన్ని, ఎస్ఆర్‌డీ 5.1 అంటారు, 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ ఆట్రిబ్యూషన్ లైసెన్స్ కింద ఉచితంగా వదిలారు. సవరించిన రూల్స్‌తో 5.2 పత్రం 2025లో వచ్చింది. అది ఎవరి పత్రమో చెప్తూ, ఆ పత్రంలో ఇచ్చిన వాక్యాన్ని మీ కాగితం మీద పెడితే అనువదించవచ్చు, జిరాక్స్ తీసి పంచవచ్చు. దాక్కోవడం, కవర్, వెలుతురు, పడిపోవడం, ఈ నాలుగూ రెండు పేజీల్లో పట్టేస్తాయి. ఆరకోక్రా లాంటివి ఆ పత్రంలో లేవు, వాటి జోలికి వెళ్ళకుండా ఫ్లై మంత్రం, గద్ద, గుడ్లగూబ వరకు రాసుకోండి, పిల్లలకి గుడ్లగూబ ఎలాగూ నచ్చుతుంది, 5.1లో దాని స్టెల్త్ +3, శత్రువు పక్క నుంచి ఎగిరిపోయినా ఎదురుదెబ్బ పడదు. రాశాక ఒక కాపీ మాకూ పంపండి, రూల్స్ సరిచూసి ఇస్తాను.